ఆంగ్లో-సాక్సన్ల 'రక్తశుద్ధి' కథకు చరిత్రలో చోటు లేదు

కొంతకాలంగా మిత్రులూ బంధువులూ ఒకరి తరువాత ఒకరు నాకు ఒకే సందేశాన్ని పంపుతున్నారు. దాని సారాంశం ఇది: 449లో హెంజిస్ట్, హోర్సా అనే అన్నదమ్ముల వెంట ఉత్తర సముద్రం దాటి మూడు ఓడల్లో ఇంగ్లండులో దిగిన ఆంగ్లో-సాక్సన్లు అనే జర్మనిక్ తెగలవారు స్థానిక బ్రిటన్లను సమూలంగా తుడిచిపెట్టారు, బయటివారితో వియ్యమందకుండా నార్మన్లు ఇంగ్లండును జయించిన 1066 దాకా రక్తాన్ని శుద్ధంగా ఉంచుకున్నారు, మొదటి నుంచీ ఒకే జాతిగా నిలిచి పార్లమెంటును నెలకొల్పారు, అందుకే వారి వారసులు ప్రపంచాన్ని ఏలారు. చివర మనకొక హితవు: కులం దాటి పెళ్లిళ్లు చేసుకొనే సమాజం బలహీనపడుతుంది. ఆ చివరి వాక్యమే లేకపోతే నేను దీన్ని పట్టించుకొనేవాణ్ణి కాను.

ఓడల సంగతి ముందుగా ముగిద్దాం. ఆ అన్నదమ్ముల పేర్లు, ఆ సంవత్సరపు లెక్క బీడ్ అనే క్రైస్తవ సన్యాసి 731లో పూర్తిచేసిన గ్రంథంలో కనిపిస్తాయి, అంటే చెప్పిన సంఘటనకు దాదాపు 300 ఏళ్ల తరువాత. అంతకు చాలా ముందు, ఆరో శతాబ్దంలో, ఈ వలస తెచ్చిన వినాశనాన్ని తలచుకొని విలపించిన బ్రిటన్ సన్యాసి గిల్డాస్ మూడు ఓడలను ప్రస్తావించాడు గాని అన్నదమ్ముల పేర్లు ఎత్తలేదు, సంవత్సరమూ చెప్పలేదు.

అయితే ఒక విషయంలో సందేశం వైపు నిలబడక తప్పదు. వచ్చినవారు కొద్దిమంది యోధులేననీ, మిగిలినదంతా స్థానికులు వారి వేషభాషలను అలవరచుకోవడమేననీ 20వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో చాలామంది పురావస్తు శాస్త్రజ్ఞులు వాదించారు. 460 మంది మధ్యయుగపు వ్యక్తుల అవశేషాలను పరిశీలించి 2022లో వెలువరించిన జన్యు అధ్యయనం ఆ వాదాన్ని గట్టిగా దెబ్బతీసింది. తొలి మధ్యయుగంలో తూర్పు, దక్షిణ ఇంగ్లండులో నివసించినవారి వంశమూలంలో సగటున 76 శాతం దాకా ఉత్తర సముద్రపు ఆవలి తీరం నుంచి వచ్చిందే. యోధులే కాదు, స్త్రీలు కూడా పెద్ద సంఖ్యలో వచ్చారు. వలస భారీగా జరిగిందన్నంతవరకు సందేశం చెప్పింది నిజమే.

అదే అధ్యయనం రక్తశుద్ధి కథను మాత్రం మిగలనివ్వలేదు. ఆగ్నేయ ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో, డోవర్ దగ్గరి బక్‌లాండ్ శ్మశానంలో ఒక వలస కుటుంబం తరతరాలుగా ఖననమైంది. ఆ కుటుంబంలోకి స్థానిక మూలాలున్న స్త్రీ వచ్చి చేరింది, ఆ తరువాతి తరాలు రెండు మూలాలనూ పంచుకున్నాయి. తుడిచిపెట్టిన జనంలో నుంచి ఆ స్త్రీ ఎలా వచ్చింది? కెంట్‌లోనే, అప్‌డౌన్ అనే చోట ఏడో శతాబ్దపు శ్మశానంలో పూడ్చిన ఒక బాలిక పూర్వీకుల్లో, తాతల తరానికి దగ్గరగా, పశ్చిమ ఆఫ్రికా మూలాలున్న వ్యక్తి ఉన్నట్లు జన్యు పరీక్షలో తేలింది. ఆమెను తన బంధువుల మధ్యనే, అందరిలాగే, కుండా దువ్వెనా పెట్టి సాగనంపారు.

ఎముకల సాక్ష్యం చాలదనేవారు చట్టాన్ని చూడవచ్చు. 690 ప్రాంతంలో, ఆంగ్లో-సాక్సన్ రాజ్యాల్లో ఒకటైన వెసెక్స్ రాజు ఇనే చేసిన శాసనాల్లో హత్యకు చెల్లించాల్సిన పరిహారాల పట్టిక ఉంది. అందులో రాజు కొలువులో గుర్రంపై తిరిగే బ్రిటనుకూ, ఐదు హైడ్ల (హైడ్ అంటే ఒక కుటుంబం బతకడానికి సరిపోయేంత భూమి కొలత) భూమి ఉన్న బ్రిటనుకూ వేర్వేరు మొత్తాలు నిర్ణయించారు. ఆ భూస్వామి ప్రాణానికి 600 షిల్లింగులు కట్టారు గనుక అది సమానత్వం కాదు. ఆంగ్ల ప్రభువు ప్రాణం వెల 1200. కానీ అంతరించిన జాతికి ఏ రాజూ పరిహారం నిర్ణయించడు. వెసెక్స్ రాజవంశానికి మూలపురుషుడని చెప్పుకొన్న కెర్డిక్ పేరు, ఇనేకు ముందు ఏలిన కాడ్వాలా పేరు బ్రిటన్ల పేర్లే. 633లో ఆంగ్ల రాజ్యమైన నార్తంబ్రియా రాజు ఎడ్విన్‌ను వధించడానికి మరో ఆంగ్ల రాజ్యం మెర్సియాకు చెందిన పెండా చేతులు కలిపింది బ్రిటన్ రాజు కాడ్వాలన్‌తోనే.

ఇంత కలయిక మీద నిలిచిన సమాజాన్ని తీసుకువచ్చి, మన ఇంట్లో వేరే కులపు కోడలు అడుగుపెట్టకూడదని చెప్పడానికి వాడుకోవడం నాకు తీవ్రమైన కోపం తెప్పిస్తోంది. కులాంతర వివాహం చేసుకున్నందుకు కన్నవాళ్ల చేతుల్లోనే పిల్లలు చనిపోతున్న నేల మీద ఈ సందేశం తిరుగుతోంది. పంపేవారు అది 'చరిత్ర' అనుకొని పంపుతున్నారు. ఎవరి ప్రాణం మీదికి వస్తుందో ఆలోచించడం లేదు.

మిగిలినవి చిన్న అబద్ధాలు. మొదటి నుంచీ ఒకే జాతి అన్నది తప్పు. కెంట్, మెర్సియా, నార్తంబ్రియా, వెసెక్స్ తదితర రాజ్యాలు శతాబ్దాల పాటు పరస్పరం కొట్టుకున్నాయి, నార్తంబ్రియాను కూడా ఏలుబడిలోకి తెచ్చుకొని ఎథెల్‌స్టాన్ అందరికీ రాజైంది 927లో. పార్లమెంటు మాట అంతకన్నా తప్పు. వారి రాజసభలో ప్రభువులు, బిషప్పులు కూర్చునేవారు, అక్కడికి ఎవరినీ ఎవరూ ఎన్నుకోలేదు. 1086లో రాజు దేశమంతటా చేయించిన డోమ్స్‌డే అనే భూముల లెక్కల్లో నమోదైనవారిలో సుమారు 10 శాతం మంది బానిసలు. చదువుల్లోనూ బయటివారి చేయి ఉంది: కాంటర్‌బరీలో గ్రీకు, లాటిన్ చదువులు నిలబెట్టింది ఏడో శతాబ్దంలో నేటి టర్కీలోని టార్సస్ నుంచి వచ్చిన థియొడోర్, ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన హేడ్రియన్.

1066 వరకు బయటి రక్తం రాలేదన్నది చివరి మాట. 1016 నుంచి 1035 వరకు ఇంగ్లండును ఏలిన కన్యూట్ డేన్‌మార్క్ వాడు. అతడు పెళ్లాడిన ఎమ్మా ఫ్రాన్సులోని నార్మండీ ఆడపడుచు. ఆమెకు మొదటి భర్త, ఆంగ్ల రాజు ఎథెల్రెడ్ వల్ల పుట్టిన కొడుకే ఎడ్వర్డ్, 1066 జనవరిలో మరణించే దాకా ఇంగ్లండు సింహాసనం మీద ఉన్నది అతడే.