మత్తు మానిన మనిషి ఎలా బతుకుతున్నాడు?

కొడుకును మత్తు విముక్తి కేంద్రంలో చేర్చి, కొన్ని వారాల తర్వాత ఇంటికి తెచ్చుకున్న తల్లిని ‘మీవాడికి నయమైందా?’ అని అడిగితే ఆమె మూత్ర పరీక్ష ఫలితం చెప్పదు. రాత్రిళ్లు నిద్రపోతున్నాడా, వేళకు అన్నం తింటున్నాడా, పనికి పోతున్నాడా, చెల్లెలితో మునుపటిలా మాట్లాడుతున్నాడా అన్నవే చెబుతుంది. చికిత్స ఫలించిందా లేదా అన్న చర్చలో మాత్రం మనం ఎంతమంది చేరారు, ఎంతమంది డిశ్చార్జి అయ్యారు, ఎంతమంది మళ్లీ మత్తు ముట్టారు అన్న లెక్కల దగ్గరే ఆగిపోతున్నాం. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో చికిత్స పొందుతున్నవారి జీవన నాణ్యతను కూడా క్రమం తప్పకుండా కొలవాలని, ఆ కొలతను సీమ బతుకు తెలిసినవారు చదవాలని నా అభిప్రాయం.

ఇది కొద్దిమంది సమస్య అనుకోవడానికి లేదు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ జరిపి 2019లో వెల్లడించిన సర్వే ప్రకారం, దేశంలో మద్యం వల్ల సాయం అవసరమైన స్థితికి చేరినవారు 5.7 కోట్ల మంది, ఓపియాయిడ్ల (నల్లమందు, హెరాయిన్ వంటి మత్తుమందుల) వల్ల ఆ స్థితికి చేరినవారు దాదాపు 77 లక్షల మంది. పైగా ఇది తగ్గి, తిరగబెట్టి, మళ్లీ తగ్గే జబ్బు. ఏదో ఒక రోజు చేసిన పరీక్ష ఆ రోజు సంగతే చెప్పగలదు.

జీవన నాణ్యతను కొలిచే ప్రశ్నావళిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో 15 కేంద్రాల సహకారంతో రూపొందించింది. వాటిలో మద్రాసు, న్యూఢిల్లీ కూడా ఉన్నాయి. దాని సంక్షిప్త రూపంలో 26 ప్రశ్నలు ఉంటాయి. గడిచిన రెండు వారాలను మనసులో పెట్టుకుని ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు వరకు మార్కు వేసుకోవాలి. శరీరం, మనసు, సామాజిక సంబంధాలు, పరిసరాలు అనే నాలుగు విభాగాలుగా ఫలితం వస్తుంది. తన సంస్కృతిలో, తన ఆశలకూ ఆందోళనలకూ ఎదురుగా తన బతుకు ఎక్కడుందని మనిషి స్వయంగా భావిస్తాడో దాన్నే ఆ సంస్థ జీవన నాణ్యతగా నిర్వచించింది. తీర్పు చెప్పే అధికారం రోగి చేతికి వచ్చింది కనుక ఈ పద్ధతి మీద నాకు గౌరవం ఉంది.

అయితే మత్తు నుంచి బయటపడుతున్నవారి విషయంలో కొన్ని ప్రశ్నలు తలకిందులుగా పలుకుతాయి. రోజువారీ బతుకు సాగడానికి మీకు వైద్యం ఎంత అవసరం అన్నది వాటిలో ఒకటి. ఎక్కువ అవసరమంటే మార్కు తగ్గుతుంది. ఓపియాయిడ్ల అలవాటు నుంచి బయటపడేందుకు రోజూ బుప్రెనార్ఫిన్ మాత్ర వేసుకుంటూ, ఆ మాత్ర బలంతోనే మళ్లీ ఆటో నడుపుతున్న మనిషి నిజాయితీగా ‘చాలా అవసరం’ అంటాడు. అతణ్ని నిలబెట్టిన మందే అతని మార్కును కిందికి లాగుతుంది. స్నేహితుల అండతో ఎంత తృప్తిగా ఉన్నారన్న ప్రశ్నా అలాంటిదే. గంజాయి మానడమంటే చాలామందికి కలిసి తాగిన జట్టును వదులుకోవడం. వీధిలో ఒంటరివాడైన తొలి నెలల్లో ఈ మార్కు పడిపోతే చికిత్స విఫలమైందని రాసుకోవడం అన్యాయం, అతనికి కొత్త తోడు కావాలని గుర్తించడం వైద్యం. ఇక సామాజిక సంబంధాల విభాగంలో ఉన్నవే మూడు ప్రశ్నలు, వాటిలో ఒకటి లైంగిక జీవితం గురించి. పక్కన తల్లో, మేనమామో కూర్చుని ఉంటే పెళ్లికాని యువకుడు దానికేం జవాబిస్తాడు? అది ఖాళీగా వదిలితే ఆ విభాగంలో మూడో వంతు పోయినట్టే.

అందుకే ఎవరు అడుగుతున్నారు, ఎక్కడ అడుగుతున్నారు, ఏ మాటల్లో అడుగుతున్నారు అన్నవి మార్కులంత ముఖ్యం. ‘మీ జీవితం ఎంత అర్థవంతంగా ఉందని భావిస్తున్నారు?’ అని పుస్తక భాషలో అడిగితే మన పల్లెల్లో వచ్చే జవాబు ‘ఏందో సార్, జరుగుతాండాది’. అది రెండా, మూడా? ‘పొద్దున లేస్తే ఈ రోజు ఫలానా పని చేయాలనిపిస్తాండాదా?’ అని మళ్లీ అడిగే ఓపిక ఉన్న కౌన్సెలర్ దాని లోతు తెలుసుకోగలడు. లండన్‌లోని కింగ్స్ కాలేజీ పరిశోధకులు మత్తు నుంచి కోలుకుంటున్నవారినే కలుపుకుని 21 ప్రశ్నల కొలమానం తయారుచేశారు, అది 2016లో వెలువడింది. మత్తు వాడకంతోపాటు తన ఒంటిని తాను చూసుకోవడం, సంబంధాలు, ఇల్లు, డబ్బు వంటి వనరులు, బతుకు మీద చూపు అందులో ఉన్నాయి. మన దగ్గర కోలుకున్నవారిని కూర్చోబెట్టి అడిగితే అప్పులవాళ్ల మాట, పెళ్లి సంబంధాల మాట, ఊళ్లో పడిన పేరు మాట తప్పక వస్తాయి.

దూరాన్నీ కాలాన్నీ కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆదోని నుంచి కర్నూలు దాదాపు 100 కిలోమీటర్లు. ఫాలోఅప్‌కు వచ్చిపోవాలంటే ఒక రోజు కూలీ, బస్సు ఛార్జీలు పోతాయి. కోసిగి, మంత్రాలయం వైపు నుంచి ఏటా కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి. అలా పోయిన మనిషిని మూడో నెలలో ఆసుపత్రికి రాలేదన్న ఒక్క కారణంతో చికిత్స మధ్యలో మానేసినవారి జాబితాలో చేర్చకూడదు. నిజానికి అతను కుటుంబంతో కలిసి చేనులో పని చేస్తూ ఉండవచ్చు, లేదా కూలీల గుడిసెల్లో పాత అలవాటుకు మళ్లీ దగ్గరవుతూ ఉండవచ్చు. ఏది నిజమో తెలియాలంటే సుగ్గికి పోయే ముందు ఒకసారి ప్రశ్నలు అడిగి, అతను ఒంటరిగా మాట్లాడగల వేళ ఏదో కేసు షీటులో రాసుకుని, ఆ వేళకు ఫోన్ చేయాలి. తిరిగొచ్చాక అవే ప్రశ్నలను అదే కౌన్సెలర్ మళ్లీ అడగాలి.