సిమియోనేది కేవలం రక్షణాత్మక ఆట కాదు
ఫుట్‌బాల్ కోచ్ డియేగో సిమియోనే విజయాలన్నీ గోల్ ముందు గోడ కట్టడం వల్లనే వచ్చాయని ఆయనపై వచ్చిన వ్యాసంలో వ్యాసకర్త వెలిబుచ్చిన అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. 2013-14లో స్పెయిన్ అగ్రశ్రేణి లీగ్ అయిన లా లిగాలో ఆయన శిక్షణలోని అట్లెటికో మాడ్రిడ్ ప్రత్యర్థులకు 26 గోల్స్ మాత్రమే ఇచ్చిన మాట నిజమే కానీ, అదే జట్టు 77 గోల్స్ సాధించిందనీ, చివరి మ్యాచ్‌లో బార్సిలోనా సొంత మైదానంలో వెనుకబడి కూడా, కార్నర్ కిక్‌ను డిఫెండర్ గోడిన్ తలతో గోల్‌గా మలచడంతో 1-1తో టైటిల్ దక్కించుకుందనీ విస్మరించకూడదు. 1995-96లో ఆటగాడిగా ఇదే క్లబ్ లీగ్, కప్ రెండూ గెలవడంలో పాలుపంచుకున్న సిమియోనే, 2011 డిసెంబరులో కోచ్‌గా తిరిగి వచ్చేనాటికే అర్జెంటీనాలో 2006లో ఎస్తుదియాంతెస్, 2008లో రివర్ ప్లేట్ క్లబ్‌లను విజేతలుగా నిలిపారు. అంతటి ముఖ్యమైన దశను వ్యాసం ఒక్క వాక్యంతో దాటవేయడం నాకు బాధ కలిగించింది. 2014, 2016 చాంపియన్స్ లీగ్ ఫైనల్స్‌లో రెండుసార్లూ రియల్ మాడ్రిడ్ చేతిలోనే, ఒకసారి అదనపు సమయంలో, మరొకసారి పెనాల్టీలలో ఓడినా ఆయన క్లబ్‌ను వీడలేదు. బార్సిలోనా వద్దనుకున్న స్ట్రైకర్ సువారెజ్‌ను తీసుకుని 2020-21లో లీగ్‌ను మళ్లీ గెలిచారు. ఆ సీజన్‌లో సువారెజ్ చేసిన 21 లీగ్ గోల్స్‌లో చివరి రోజున వాయదోలిద్ జట్టుపై టైటిల్ తెచ్చిపెట్టిన గోల్ కూడా ఉంది. ఆ మ్యాచ్‌లను రాత్రిళ్లు మేలుకొని చూసినవాడిగా, అందులో నాకు కనిపించింది భయంతో వెనక్కి తగ్గే జట్టు కాదు.