192 నిమిషాల నీళ్ళు

పదమూడేళ్ళు ఎదురుచూసి చూసిన సినిమా బాగుందా లేదా అని ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేకపోవడం పగవాడికి కూడా రాకూడని కష్టం. ‘అవతార్’ 2009 డిసెంబరులో వచ్చింది. రెండో భాగం ‘ది వే ఆఫ్ వాటర్’ 2022 డిసెంబరులో వచ్చింది. ఈలోగా నా జుట్టు పల్చబడింది, కళ్ళద్దాలు మందమయ్యాయి, మొదటి భాగం నాటికి పుట్టనే పుట్టని మేనకోడలు ఎదురు ప్రశ్నలు వేసే వయసుకు వచ్చింది. నా నమ్మకం మాత్రం చెక్కు చెదరలేదు. తీసింది జేమ్స్ కామెరాన్ మరి. 1986లో ‘ఏలియన్స్’, 1991లో ‘టెర్మినేటర్ 2’ తీసినాయన. రెండో భాగం అంటే మొదటిదాని పేరు చెప్పుకుని బతికేది కానక్కరలేదని నా చేత ఒప్పించిన మనిషి.

నమ్మినవాడికి నలుగురికీ చెప్పాలన్న దురద కూడా ఉంటుంది. నాకు దొరికింది మేనకోడలు ఒక్కతే. హాలు ముందు వరుసలో నిలబడి మొదటి భాగం మొత్తం చెప్పాను. పండోరా గ్రహం కాదు తల్లీ, ఒక పెద్ద వాయుగ్రహం చుట్టూ తిరిగే ఉపగ్రహం అని మొదలుపెట్టాను. మనుషులు అక్కడికి వెళ్ళింది అన్‌అబ్టేనియం అనే ఖనిజం కోసం, గొడవంతా దానికోసమే. కర్నల్ క్వారిచ్ అనే దుర్మార్గుడు బాణాలు తగిలి చచ్చాడు. డాక్టర్ గ్రేస్ అనే మంచావిడ కూడా పోయింది. కథానాయకుడు జేక్ మనిషి ఒళ్ళు వదిలేసి, నావి అనే అక్కడి నీలం రంగు జాతిలో ఒకడై, అడవిలో శాశ్వతంగా స్థిరపడ్డాడు. ఇదంతా అభినయంతో సహా చెప్పేసరికి గొంతు ఎండిపోయింది. సీసాడు నీళ్ళు గటగటా తాగేసి లోపలికి నడిచాను.

సినిమా మొదలై కాసేపు కాకముందే క్వారిచ్ లేచాడు. చావకముందే అతని జ్ఞాపకాలు దాచి ఉంచారట, ఇప్పుడు వాటిని ఒక నీలం శరీరంలోకి ఎక్కించారట.

“చచ్చిపోయాడన్నావు కదా మామయ్యా?”

“చచ్చాడమ్మా. ఇతను వేరు.”

“పేరు అదే కదా?”

పోయిన గ్రేస్‌గా నటించిన సిగోర్నీ వీవర్ ఈసారి కిరి అనే పద్నాలుగేళ్ళ పిల్లగా వచ్చింది. సినిమా విడుదలనాటికి ఆవిడకు డెబ్బై మూడేళ్ళు. ఖనిజం సంగతి పట్టించుకునేవాడే లేడు. అందరూ తుల్కున్‌లనే తిమింగలాల లాంటి జీవుల తలలోంచి తీసే ద్రవం వెంట పడ్డారు. దాంతో ముసలితనం ఆగుతుందట. అడవిలో శాశ్వతంగా స్థిరపడ్డాడని నేను హామీ ఇచ్చిన జేక్, పెళ్ళాంబిడ్డలను వెంటబెట్టుకుని సముద్రం ఒడ్డుకు మకాం మార్చేశాడు. నేను చెప్పిన కథలో చివరికి నిలబడింది ఉపగ్రహం ఒక్కటే.

“మొదటిది నువ్వు నిజంగానే చూశావా?” అంది మేనకోడలు. ఎన్నిసార్లు చూశానో చెప్పుకునే సమయం కాదది.

ఇంకో సంగతి. కళ్ళద్దాలు పెట్టుకునేవాళ్ళ గురించి త్రీడీ కనిపెట్టినవాళ్ళు ఒక్క క్షణం కూడా ఆలోచించినట్టు లేదు. సొంత అద్దాల మీద వాళ్ళిచ్చిన అద్దాలు ఎక్కించి, అవి జారకుండా ముక్కు మీద చూపుడు వేలు ఆనించి కూర్చున్నాను. చూసేవాళ్ళకు ఏదో లోతైన విషయం ఆలోచిస్తున్నట్టు కనిపించి ఉంటాను. కొన్ని దృశ్యాలు సెకనుకు 48 ఫ్రేములతో, మిగతావి 24తో నడవడం వల్ల తెర మీద కదలికలు ఒకసారి నున్నగా, ఒకసారి మామూలుగా కనిపిస్తుంటే, తేడా సినిమాదా నా అద్దాలదా అని తెగ అనుమానపడ్డాను.

అయితే ఆ నీళ్ళున్నాయే, అబ్బ! వెలుగు నీటిలోకి దిగి ఇసుక మీద వణుకుతుంటే కాళ్ళు పైకి లాక్కున్నాను. నటులను నిజంగానే నీటి తొట్టెలో ముంచి తీశారు మరి. కేట్ విన్స్‌లెట్ ఏడు నిమిషాలకు పైగా ఊపిరి బిగబట్టిందట. నాకు ఆవిడ మీద అపారమైన గౌరవం కలిగింది, ఎందుకంటే అప్పటికి నేను కూడా బిగబట్టుకునే కూర్చున్నాను. ఊపిరి కాదు. తెర నిండా అలలు, చెవుల నిండా గలగలలు, కడుపులో సీసాడు నీళ్ళు. విరామం లేని ఆట. మొత్తం 192 నిమిషాలు.

ఇక ఆగలేక లేచేసరికి పిల్లలు ఈత నేర్చుకుంటున్నారు. పరుగున వెళ్ళి వచ్చేసరికి ఇంకా ఈత నేర్చుకుంటూనే ఉన్నారు. “ఏమైంది?” అంటే, “ఈదారు” అంది మేనకోడలు. సినిమా నిడివి మీద ఇంతకంటే సూటైన విమర్శ నేనెక్కడా వినలేదు.

మేనకోడలికి ఇంకో చిక్కు వచ్చింది. జేక్ కొడుకులిద్దరిలో ఎవరు ఎవరో తెలియడం లేదట. ఇక్కడ నా విద్య పనికొచ్చింది. నావి జాతికి చేతికి నాలుగు వేళ్ళు. జేక్‌ది మనిషి డీఎన్‌ఏ కలిపి తయారుచేసిన ఒళ్ళు కాబట్టి ఐదు. చిన్నవాడు లోఆక్‌కు తండ్రి పోలిక, ఐదు వేళ్ళు. పెద్దవాడు నెతెయామ్‌కు నాలుగు. “వేళ్ళు లెక్కపెట్టు” అన్నాను గర్వంగా.

ఓడ మీద యుద్ధం మంచి పట్టులో ఉండగా నాకు రెండోసారి పిలుపు వచ్చింది. ఎంత త్వరగా వెళ్ళానంటే త్రీడీ అద్దాలు తీయడం కూడా మరిచిపోయాను. అక్కడ చేతులు కడుక్కుంటున్న పెద్దమనిషి నన్ను చూసి పక్కకు జరిగాడు. తిరిగి వచ్చి చీకట్లో తడుముకుంటూ కూర్చున్నాను. తెర మీద ఒక పిల్లవాడు రాతి మీద పడి ఉన్నాడు, తల్లి గుండెలు పగిలేలా ఏడుస్తోంది.

“ఎవరు పోయారు?” పక్కకు వంగి అడిగాను.

“అన్నదమ్ముల్లో ఒకడు” అంది ఒక బొంగురు మగ గొంతు. వరుస తప్పాను. అయినా అడగకుండా ఉండలేకపోయాను.

“చేతికి ఎన్ని వేళ్ళున్నాయండీ?”

ఆయన కాసేపు నా వైపే చూశాడు. తర్వాత పిచ్చివాడితో మాట్లాడేటంత మెత్తగా “ఐదు” అన్నాడు.

లోఆక్! నా గుండె జారిపోయింది. క్షమాపణ చెప్పుకుని, కళ్ళు తుడుచుకుంటూ, రెండు జతల అద్దాలున్నప్పుడు అదొక పెద్ద కార్యక్రమం, నా సీటు వెతుక్కునేసరికి ఓడ మునుగుతోంది. నీళ్ళలో చిక్కుకున్న జేక్‌ను ఎవరో దారి చూపించి బయటికి తెస్తున్నారు. లోఆక్. ఈ సినిమాలో చచ్చినవాళ్ళు లేవడం మామూలే కాబట్టి నేను ఆశ్చర్యపోలేదు. కానీ ఇంత త్వరగానా? కనీసం క్వారిచ్‌ను లేపడానికైనా పదమూడేళ్ళు ఆగారు కదా!

పోయింది నెతెయామ్ అని బయటికి వచ్చాక మేనకోడలు చెప్పింది. “ఆయన ఐదు అన్నాడే!” అంటే, “ఎవరివి?” అంది. అప్పుడు గానీ వెలగలేదు.

దారిలో స్నేహితుడికి ఫోను చేసి సినిమాను ఏకిపారేశాను. పాత దుర్మార్గుడే, పాత యుద్ధమే, అడవి తీసి సముద్రం పెట్టాడు, అంతే అన్నాను. వాడు సంతోషంగా, “నేను అప్పుడే చెప్పాను, మొదటిది కూడా అంతేగా” అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ వెలుగు చూశావా, తోటివాళ్ళు వెలివేసిన ఆ పాయకాన్ అనే తుల్కున్ కంట్లో దిగులు చూశావా, ఇంట్లో కూర్చుని మాట్లాడటం కాదు అని దులిపేశాను.

“ఇంతకూ నువ్వు ఏ జట్టు మామయ్యా?” అంది మేనకోడలు.

జట్టు సంగతి తర్వాత. నెతెయామ్ పోయిన దృశ్యం చూడలేదు, ఏడ్చిన ఏడుపంతా వేరేవాడి ఖాతాలో పడింది. అందుకని ఫోను పెట్టేసిన వెంటనే మళ్ళీ టికెట్ కొన్నాను. వరుస చివర, తలుపు పక్క సీటు.