రింకూ సింగ్ మేజర్ లీగ్‌లో ఆడలేదు

‘యూపీ లారీ డ్రైవర్ కొడుకు. గల్లీ క్రికెట్ బౌలర్. టీవీ పోటీలో మిలియన్ డాలర్లు గెలిచి, అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ ఆడిన తొలి భారతీయుడు. డబ్బు కోసం దాన్నీ వదిలేసి రెజ్లింగ్‌లో చేరాడు.’ రింకూ సింగ్ గురించిన ఈ ఫార్వర్డ్ మా ఫ్యామిలీ గ్రూపులో మళ్లీ తిరుగుతోంది. ఇందులో నాన్నగారి లారీ సంగతి నిజమే. మిగతాది చూద్దాం.

బౌలర్ కాదు, రింకూ జావెలిన్ కుర్రాడు. 2008లో ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ అనే బేస్‌బాల్ విసిరే పోటీ మన దేశానికి వచ్చేదాకా బేస్‌బాల్ ఊసే తెలియదు. అందులో రెండో స్థానంలో నిలిచిన దినేశ్ పటేల్‌దీ జావెలినే. ఇది వింతేమీ కాదు. క్రికెట్‌లో బంతి వదిలేటప్పుడు మోచెయ్యి 15 డిగ్రీలు మించి సాగితే చకింగ్ అంటారు, అది తప్పు. బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచ్చర్ పనే అది. మోచెయ్యి బాగా మడిచి, భుజం మీదుగా కొరడా ఝళిపించినట్టు విసరాలి. బల్లెం విసిరిన చేతికి అది కొత్త కాదు.

మిలియన్ అన్నది పోటీ పేరులోనే ఉంది. విజేతగా రింకూకి వచ్చింది లక్ష డాలర్లు.

అసలు అబద్ధం మేజర్ లీగ్. 2008 నవంబరులో పిట్స్‌బర్గ్ పైరేట్స్ అనే మేజర్ లీగ్ జట్టు ఇద్దరినీ తీసుకుంది, కరెక్టే. అయితే కొత్తవాళ్లని నేరుగా పెద్ద జట్టులో దించరు. కింద మైనర్ లీగ్స్ ఉంటాయి: రూకీ, సింగిల్ ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ. ఇవి దాటాకే మేజర్. రింకూ సింగిల్ ఏ దగ్గరే ఆగిపోయాడు. దినేశ్‌ని 2010లోనే వదిలేశారు.

రికార్డే కావాలంటే నిజమైనది ఉంది కదా! 2009 జులైలో, రూకీ లీగ్‌లో, అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్ మ్యాచ్ గెలిచిన తొలి భారత పిచ్చర్‌గా రింకూ పేరు నమోదైంది. 2012లో వెస్ట్ వర్జీనియా పవర్ అనే సింగిల్ ఏ జట్టుకి ఆడినప్పుడు అతని ఈఆర్ఏ 3.00. అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున మూడు పరుగులే అతని ఖాతాలో పడ్డాయి. నాలుగేళ్ల కిందట ఆ బంతి ఎలా పట్టుకోవాలో కూడా తెలియని కుర్రాడు! నాకైతే ఫార్వర్డ్‌లోని మిలియన్ కన్నా ఈ అంకే ముద్దుగా ఉంది.

డబ్బు కోసం వదిలేశాడా? 2013 నుంచి వరుసగా గాయాలు. మోచేతికి టామీ జాన్ సర్జరీ కూడా అయింది. తెగిన లిగమెంటు స్థానంలో మరోచోటి టెండన్ తెచ్చి కుడతారు, కోలుకోడానికి ఏడాది పైనే పడుతుంది. రెజ్లింగ్ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈలో చేరింది 2018లో. డబ్బు కోసమే పోయేవాడైతే మధ్యలో అన్నేళ్లు ఎందుకు ఆగుతాడు?

అన్నట్టు, ఫార్వర్డ్ కింద పెట్టిన ఫొటో కోల్‌కతా నైట్‌రైడర్స్ జెర్సీలో ఉన్న క్రికెటర్ రింకూ సింగ్‌ది, అంటే అదే పేరున్న వేరే మనిషిది. 2023 ఐపీఎల్‌లో చివరి ఓవర్లో ఐదు సిక్సులు కొట్టినాయన. ఆయనదీ యూపీయే, ఆయనదీ ఎడమచేతి వాటమే. వాళ్ల నాన్న మాత్రం గ్యాస్ సిలిండర్లు వేసేవారు.