కొన్నదీ నేనే, అమ్మేదీ నేనే

రోజుకు రెండు వేల షేర్లు కూడా చేతులు మారని ఒక చిన్న కంపెనీలో ఇరవై వేల షేర్లు కొన్నాను. పన్నెండు రూపాయలే కదా అని ఖరీదు చూశానే తప్ప, ఆ కొట్లో రోజూ ఎంత సరుకు కదులుతుందో చూడలేదు.

మార్కెట్ ధరకు ఆర్డరు పెట్టగానే ఉన్న అమ్మకందార్లంతా అయిపోయారు. ధర 5 శాతం ఎగిరి అప్పర్ సర్క్యూట్, అంటే ఆ రోజుకు అంతకు మించి పెరగనివ్వని హద్దు, తాకింది. మర్నాడు మళ్లీ పెట్టాను, మళ్లీ తాకింది. ఆరు రోజుల్లో 12 రూపాయలు 16 అయింది. దాన్ని పైకి తోస్తున్నది నా కొనుగోలేనని తట్టలేదు, జాతకం అనుకున్నాను. సగటున 14 పడింది కనుక తెర మీద నలభై వేల లాభం పచ్చగా మెరుస్తోంది. ఆ వారం ఒక పెళ్లిలో, బంతిలో నా పక్కన కూర్చున్న ప్రతివారికీ ఆ కంపెనీ పేరు వడ్డించాను.

ఇంతలో అమ్మాయి కాలేజీ ఫీజు వచ్చిపడింది. ఉదయం 9.15కి అమ్మకానికి పెడితే, కొనేవారి వరుసలో ఉన్నవి మూడే ఆర్డర్లు: 35 షేర్లు, 10 షేర్లు, 2 షేర్లు. ఆ నలభై ఏడూ పోయాక ధర లోయర్ సర్క్యూట్‌లో కూలబడింది. అంతకు తక్కువకు ఇస్తానన్నా ఆ రోజుకు ఎక్స్ఛేంజి ఒప్పుకోదు. ఆ ధరకు అడిగే నాథుడు లేడు. మర్నాడూ అంతే. రోజుకు ఐదు శాతం చొప్పున దిగితే పద్నాలుగు రోజుల్లో ధర సగమవుతుందని ఆ తీరికలో లెక్క కూడా కట్టాను. మూడో రోజు సరిగ్గా ఒక్క షేరు అమ్ముడైంది. వచ్చింది పదమూడు రూపాయల చిల్లర. అమ్మిన షేరును డీమ్యాట్ ఖాతా నుంచి తీసినందుకు పడిన డీపీ చార్జీ, జీఎస్టీతో కలిపి, అంతకంటే ఎక్కువ!

మా ఆవిడ ఏటా ఆవకాయ పెట్టి వీధిలో అమ్ముతుంది. సంగతి విని, "మన వీధిలో పోయేది పది కిలోలు, నేను పెట్టేదీ పది కిలోలే. మీరు వంద కిలోలు పెట్టి, జాడీ మీద వెల మీరే రాసుకుని, లాభం వచ్చిందన్నారు" అంది.

నాలుగో రోజు ఒక్కసారిగా ఐదు వందల షేర్లు పోయాయి. ఇష్టదైవానికి దండం పెట్టుకున్నాను. సాయంత్రం బావమరిది ఫోను చేశాడు.

"బావగారూ, పెళ్లిలో మీరు చెప్పిన షేరు ఇవాళ ఐదు వందలు కొన్నానండీ. రేపు ఇంకో వెయ్యి తీసుకుంటాను. దొరకదేమో అని భయపడ్డాను గానీ, అమ్మేవాళ్లు బోలెడుమంది ఉన్నారు."

ఆ మాటలో తప్పు బహువచనం ఒక్కటే. దిద్దుదామని నోరు తెరిచి, ఫీజు గడువు గుర్తొచ్చి మూసుకున్నాను.