ఆ బీరువా జోలికి వెళ్ళకండి

సైన్యం ఉంది, క్షిపణులున్నాయి, మనకేం భయమని నిశ్చింతగా నిద్రపోతున్న పౌరులకు ఒక మనవి. అసలు దేశాన్ని కాపాడుతున్నది ఢిల్లీలో ఒక బీరువా. లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ భగత్ 1963లో రాసిన నివేదిక అందులో ఉంది. అంతకు ముందు ఏడాది చైనా చేతిలో మనం అంత ఘోరంగా ఎందుకు దెబ్బతిన్నామో తేల్చమని వాళ్ళకు అప్పగించారు. పాపం, వాళ్ళు నిజంగానే తేల్చారు. ప్రభుత్వం విచారించమన్నంత మాత్రాన విచారించేయకూడదన్న లౌక్యం ఫౌజీలకు ఎక్కడుంటుంది? అప్పుడు బీరువాకు వేసిన తాళం ఇప్పటికీ తియ్యలేదు.

కొందరికి ఇంత భద్రత పడదు. పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెడతారు. జవాబు రాదని ఎవరన్నారు? వస్తుంది, అర పేజీ. సెక్షన్ 8(1)(ఎ), దేశ సార్వభౌమత్వం, భద్రత, కావున ఇవ్వజాలము, గుండ్రటి రబ్బరు ముద్ర. ఆ కిందనే, ఎంతో మర్యాదగా, అభ్యంతరముంటే 30 రోజుల్లో ఫలానావారికి అప్పీలు చేసుకోవచ్చని చిరునామా. ఆ ఫలానావారు ఎవరో కాదు, కాదన్నాయన పైఅధికారే.

"ఏమయ్యా, ఎందుకివ్వలేదు?"

"తమరే కదండీ వద్దన్నారు."

"అయితే సరిగ్గానే చేశావ్."

మొదటి అప్పీలు ఇంతటితో సమాప్తం. రెండోది కేంద్ర సమాచార కమిషన్‌కు. అది వేయడానికి మనకు 90 రోజులే గడువు. దాన్ని తేల్చడానికి కమిషన్‌కు మాత్రం చట్టం ఏ గడువూ పెట్టలేదు. నిదానమే ప్రధానం కదా.

సీనియర్ పాత్రికేయుడు కులదీప్ నయ్యర్ ఈ మెట్లన్నీ ఓపిగ్గా ఎక్కారు. కమిషనర్లు ఆ నివేదిక తెప్పించుకుని స్వయంగా చూశారు. చూసి, ఇందులో ఏ ముక్కా బయటపెట్టడానికి వీల్లేదని 2010 మార్చిలో తీర్పిచ్చారు. రహస్యమైనంత మేర తీసేసి మిగతాది ఇవ్వొచ్చని చట్టంలో 10వ సెక్షన్ ఉంది. దాన్నిబట్టి చూస్తే ఆ నివేదికలో పేజీ నంబర్లు కూడా దేశరక్షణలో పాలుపంచుకుంటున్నాయన్నమాట. ఇరవై ఏళ్ళు దాటిన సంగతులు ఇచ్చేయాలని 8(3)లో ఉందిగా అని కొందరు లా పాయింటు తీస్తారు. తొందరపాటు మనుషులు, చివరిదాకా చదవరు. 8(1)(ఎ)కి ఆ సడలింపు వర్తించదని అక్కడే రాసి ఉంది.

మరుసటి నెలలో రక్షణమంత్రి ఆంటోనీ పార్లమెంటుకు చెప్పిన సంగతి విన్నాక నా మనసు కుదుటపడింది. నివేదికలోని విషయాలు చాలా సున్నితమైనవే కాదు, సైనిక కార్యకలాపాల దృష్ట్యా ఇప్పటికీ విలువైనవట. నిజమే మరి. చలిబట్టలు చాలని జవాన్ల చేతికి పాతకాలపు .303 రైఫిళ్ళిచ్చి నమ్కా చూ వాగు ఒడ్డున నిలబెట్టడమనే వ్యూహం శత్రువు చెవిన పడితే ఇంకేమన్నా ఉందా? ఆ రోజు వాగు అవతల నిలబడి అంతా చూసింది ఆ శత్రువే కావచ్చు. చూడటం వేరు, ఆధారాలతో సహా చదవడం వేరు.

అయినా ఇది బహిరంగ రహస్యమే. అప్పట్లో లండన్ 'టైమ్స్' పత్రికకు ఢిల్లీ విలేఖరిగా పనిచేసిన నెవిల్ మాక్స్‌వెల్ చేతికి ఒక ప్రతి ఎలాగో చిక్కింది. అందులో కొంత భాగాన్ని ఆయన 2014 మార్చిలో ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. ఇక బీజింగ్‌లో చదువుకోవచ్చు, బ్రెజిల్‌లో చదువుకోవచ్చు. పది రూపాయలు కట్టి అడిగిన భారత పౌరుడికి మాత్రం అది అతి రహస్యం. రహస్యాన్ని ఎవరి నుంచి కాపాడుకోవాలో మన ప్రభుత్వాలకు బాగా తెలుసు.

ప్రభుత్వాలు అని బహువచనం ఊరికే వాడలేదు. మాక్స్‌వెల్ ఆ పని చేసిన నెలలోనే, రాజ్యసభలో ప్రతిపక్ష నాయకుడు అరుణ్ జైట్లీ చక్కటి మాట రాశారు. ఇలాంటి పాత పత్రాలను కలకాలం దాచిపెట్టడం ప్రజాప్రయోజనం కాదని, గత తప్పుల నుంచి నేర్చుకునే హక్కు జాతికి ఉందని. మే నెలలో ప్రభుత్వం మారింది, ఆయనే రక్షణమంత్రి అయ్యారు. జూలైలో అదే రాజ్యసభకు ఆయన ఇచ్చిన జవాబు: నివేదికను పూర్తిగా గానీ కొంతగా గానీ బయటపెట్టడం జాతి ప్రయోజనం కాదు. దీన్ని మాట మార్చడం అంటే ఒప్పుకోను. మార్చిలో ఆయన దగ్గర బీరువా తాళంచెవి లేదు, జూలైలో ఉంది.

కాబట్టి చట్టానికి ఒక చిన్న సవరణ సూచిస్తున్నాను. మొదటి అప్పీలు పైఅధికారికి, రెండోది కమిషన్‌కు అని తిప్పడం దేనికి? నేరుగా ప్రతిపక్ష నాయకుడికే పెట్టుకునేలా చేస్తే సరి. ఆయన ఏ పార్టీ అయినా సరే, వాయిదాలుండవు, సెక్షన్లుండవు, అర్జీదారు పక్షానే తీర్పు వస్తుంది. కాగితం మాత్రం ఆయన దగ్గర ఉండదు.