ఫోనుంటే నిరుద్యోగి కాదట!

మళ్లీ అదే మెసేజ్. ఈసారి పంపింది బాగా చదువుకున్న మా బావ. ఉద్యోగాల కోసం రోడ్డెక్కే కుర్రాళ్ల చేతుల్లో ఖరీదైన ఫోన్లున్నాయట, కాబట్టి నిరుద్యోగులు కారట. పార్టీలు డబ్బిచ్చి తెచ్చుకున్నవాళ్లట. ఆ టైమ్‌లో చదువుకుంటే కొలువు వచ్చేదట. అందరి మీదా కేసులు పెట్టి, జన్మలో ప్రభుత్వోద్యోగం రాకుండా చేయాలట.

ఫోన్ సంగతి: అప్లికేషన్, హాల్ టికెట్, ఫలితాలు అన్నీ ఆన్‌లైన్‌లోనే. కార్డు ముక్క రాసి తెప్పించుకోమంటారా?

పార్టీలంటారా, వస్తాయి. కుర్చీలో ఉంటే లాఠీ, దిగితే సంఘీభావం. కొత్తేముంది?

ఇక చదువు. తెలంగాణ గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో వచ్చింది, 503 పోస్టులు. అక్టోబర్‌లో ప్రిలిమ్స్ రాశారు. పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ రాశారు. బయోమెట్రిక్ తీసుకోలేదని సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. 2024లో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్‌లో ముచ్చటగా మూడో ప్రిలిమ్స్. వీళ్లకా చదువుకోమని చెప్పేది! 2024 అక్టోబర్‌లో, మెయిన్స్ వాయిదా వేయాలని వీళ్లు రోడ్డెక్కినప్పుడు, హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ ఫుట్‌పాత్ మీద నిలబడి చూశాను. పోలీసులు వ్యాన్ ఎక్కిస్తుంటే ఒకమ్మాయి చెప్పు జారి రోడ్డు మీదే ఉండిపోయింది. చంకలోని స్పైరల్ బైండింగ్ నోట్సు మాత్రం వదల్లేదు.

ఒకటి ఒప్పుకుంటాను. మెయిన్స్ వాయిదా వేయాలన్న డిమాండ్ నాకూ నచ్చలేదు. 2022 డిసెంబర్‌లో నోటిఫికేషన్ ఇచ్చిన గ్రూప్-2 పరీక్ష 2024 డిసెంబర్‌లో గానీ జరగలేదు. ఆ వాయిదాల్లో అభ్యర్థులు పట్టుబట్టి తెచ్చుకున్నవీ ఉన్నాయి. రూమ్ అద్దె కట్టుకునేదీ వాళ్లే.

కేసుల మాట మాత్రం ఊరికే వదలను. ఉద్యోగం వచ్చాక నింపే ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసులున్నాయా అని అడుగుతారు. దాచితే ఉద్యోగం ఊడొచ్చు, రాస్తే ఆగొచ్చు. చిన్నపాటి కేసులను చూసీచూడనట్టు వదిలేయొచ్చని 2016లో సుప్రీంకోర్టు చెప్పినా, ఆ నిర్ణయం అధికారి చేతిలోనే ఉంటుంది. అందుకే ఒక్క ఎఫ్‌ఐఆర్ అంటే ఇంటిల్లిపాదికీ టెన్షన్. 2022 జనవరిలో, పట్టాల మీద విధ్వంసానికి దిగితే రైల్వే ఉద్యోగాలకు జీవితకాలం అనర్హులని రైల్వే శాఖ హెచ్చరించింది. అదే ఏడాది జూన్‌లో సికింద్రాబాద్ స్టేషన్‌లో బోగీలు తగలబెట్టినవాళ్లను నేనూ వెనకేసుకురాను. కానీ ఈ మెసేజ్ అడుగుతున్నది నిప్పు పెట్టినవాడి సంగతి కాదు, ప్లకార్డు పట్టుకుని కూర్చున్నవాడి సంగతి. ఆయుధాల్లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు రాజ్యాంగం 19(1)(బి)లో ఉంది. పాలిటీ పేపర్‌లో ఆ జవాబు రాస్తే మార్కు, రోడ్డు మీద అదే పని చేస్తే బ్లాక్‌లిస్టు. బాగుంది న్యాయం!

పేపర్లు లీక్ చేసినవాళ్లకు జీవితకాల నిషేధం వేయాలన్న ఫార్వర్డ్ మాత్రం ఇంతవరకూ ఒక్కటీ రాలేదు.